నీ కథలో డాక్టరు చూపించిన రిపోర్టు గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. ఆడపిల్లగా పెరిగిన మనిషి ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి తాను మగవాడినని చెప్పడం, తల్లి ఏమీ అనలేక బట్టలు మడతపెడుతూ ఉండిపోవడం చాలా బాగా వచ్చాయి. అక్కడ ఒక్క మాట ఎక్కువ లేదు. నా పేచీ అంతా ఆసుపత్రి సన్నివేశంతోనే. డాక్టరు రిపోర్టు తీసి క్రోమోజోములు ఎక్స్‌వై అని, అంటే మామూలుగా మగవాళ్లలో ఉండేవని చెబుతాడు. తండ్రి మెత్తబడి కొడుకుని కొడుకుగా ఒప్పుకుంటాడు. సరే, ఆ రిపోర్టులో మామూలుగా ఆడవాళ్లలో ఉండే ఎక్స్‌ఎక్స్ అని ఉంటే? అప్పుడు ఒప్పుకోనక్కర్లేదా? నువ్వు అలా అనుకునే మనిషివి కావని నాకు తెలుసు. నీ కథ మాత్రం అలాగే అంటోంది.

విషయం సగమే తెలుసుకుని రాయడం వల్ల వచ్చిన లోపం ఇది. అందుకే ఈ ఉత్తరంలో శిల్పం గురించి తక్కువ, శరీరం గురించి ఎక్కువ రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మీల్‌వర్మ్ అనే పురుగుల కణాలను మైక్రోస్కోప్ కింద చూస్తూ, మగ పురుగుల్లో ఒక క్రోమోజోము బాగా చిన్నగా ఉండడం గమనించింది. ఆ చిన్నదాన్ని (ఇప్పుడు వై అంటున్నది దాన్నే) తెచ్చిన వీర్యకణం వల్ల మగ పురుగు, దాని జతలోని పెద్దదాన్ని (ఎక్స్‌ని) తెచ్చిన వీర్యకణం వల్ల ఆడ పురుగు పుడుతున్నాయని చెప్పింది. దాదాపు అదే సమయంలో ఎడ్మండ్ విల్సన్ కూడా విడిగా అలాంటి నిర్ణయానికే వచ్చాడు. పుట్టేది ఆడా మగా అన్నది తల్లి తిండిని బట్టో, చుట్టూ ఉన్న వేడిని బట్టో ఉంటుందని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్న రోజులవి. మొసళ్లలో, చాలా రకాల తాబేళ్లలో నిజంగానే గుడ్డు పొదిగే వేడిని బట్టి అది తేలుతుంది. మనుషుల్లో అలా కాదు.

వై క్రోమోజోములో ఆ పని చేసేది ఏదో తెలియడానికి 1990 దాకా పట్టింది. ఆ ఏడాది లండన్ పరిశోధకులు ఎస్‌ఆర్‌వై అనే జన్యువును గుర్తించారు. మరుసటి ఏడాది ఆ జన్యువు ఉన్న చిన్న డీఎన్‌ఏ ముక్కను ఎక్స్‌ఎక్స్ ఎలుక పిండంలో చేరిస్తే అది వృషణాలతో మగ ఎలుకగా పెరిగింది.

మనిషి పిండంలో దాదాపు ఆరు వారాల దాకా ఆడా మగా తేడా ఏర్పడదు. అండాశయాలుగానైనా వృషణాలుగానైనా మారగల ఒకే కణజాలం ఉంటుంది. గర్భాశయం కాగల నాళాలూ, వీర్యనాళాలు కాగల నాళాలూ రెండు జతలూ ఉంటాయి. ఆ సమయంలో ఎస్‌ఆర్‌వై పనిచేస్తే వృషణాలు ఏర్పడతాయి. వాటి నుంచి వచ్చే ఒక హార్మోను మొదటి జతను కరిగించేస్తుంది, టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను రెండో జతను నిలబెడుతుంది. ఆ టెస్టోస్టెరాన్ నుంచే తయారయ్యే మరింత బలమైన హార్మోను బయటి అవయవాలకు మగ రూపం ఇస్తుంది. ఎస్‌ఆర్‌వై లేనప్పుడు మామూలుగా అండాశయాలు ఏర్పడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మగ శరీరాన్ని ప్రకృతి పనిగట్టుకుని తయారుచేస్తుందని, ఏమీ చేయకపోతే ఆడ శరీరం దానంతటదే మిగులుతుందని చాలా వ్యాసాల్లో రాస్తుంటారు. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అది పాతబడిపోయింది కూడా. అండాశయం ఏర్పడడానికీ కొన్ని జన్యువులు పూనుకుని పనిచేయాలి. ఎదిగిన ఆడ ఎలుకల్లో ఫాక్స్‌ఎల్2 అనే జన్యువును పనిచేయకుండా చేస్తే అండాశయంలోని కణాలు వృషణ కణాల్లా మారిపోయాయని 2009లో తేలింది. ఎదిగిన తర్వాత కూడా అండాశయం అండాశయంగా ఉండడానికి పని జరుగుతూనే ఉంటుందన్నమాట.

ఇన్ని దశలున్నచోట ఏ దశలోనైనా దారి మారవచ్చు. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పాటిన్యో సంగతి చూడు. 1985లో జపాన్‌లో పోటీలకు వెళ్లినప్పుడు లింగ నిర్ధారణ పరీక్ష చేసి ఆమెకు ఎక్స్‌వై క్రోమోజోములున్నాయన్నారు. పుట్టినప్పటి నుంచీ ఆమె ఆడపిల్లే, ఆమెకూ అందులో ఏనాడూ అనుమానం లేదు. ఆమె శరీరంలో టెస్టోస్టెరాన్ తయారవుతుంది, కానీ కణాలు దానికి స్పందించవు. అందుకే బయటికి ఆడ శరీరంగానే ఎదిగింది. ఆ రిపోర్టు సంగతి పత్రికలకెక్కింది. జట్టులో చోటు పోయింది, స్కాలర్‌షిప్ పోయింది, పెళ్లి చేసుకోవాల్సిన మనిషి వదిలేశాడు. 1988లో గానీ మళ్లీ పోటీపడే అర్హత రాలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లందరికీ చేసే ఆ పరీక్షను 1999లో ఎత్తేశారు. ఆ వాదం ఆగలేదు. 2025లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మహిళల విభాగానికి ఎస్‌ఆర్‌వై పరీక్ష పెట్టింది. నీ కథలోని డాక్టరు ఆ స్పెయిన్ అమ్మాయి రిపోర్టు చూసి ఏమంటాడు? ఆలోచించు.

ఎస్‌ఆర్‌వై ఉన్న ముక్క తండ్రిలో వీర్యకణం తయారయ్యేటప్పుడు ఎక్స్ మీదికి చేరితే ఎక్స్‌ఎక్స్ ఉన్న మగవాళ్లు పుడతారు. పుట్టే మగపిల్లల్లో సుమారు 600 మందిలో ఒకరికి ఎక్స్‌ఎక్స్‌వై ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఆ సంగతి పిల్లలు కలగక పరీక్షలకు వెళ్లేదాకా తెలియదు, కొందరికి ఎప్పటికీ తెలియదు.

ఇదంతా శరీరం సంగతి. నీ కథ అడుగుతున్న ప్రశ్న వేరు. తాను ఆడా, మగా, ఆ రెండింటిలో ఇమడని మనిషా అన్నది ఒక మనిషికి లోపల ఎలా తెలుస్తుంది? ట్రాన్స్ మనుషుల్లో, అంటే పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదని లోపల తెలిసినవాళ్లలో, అత్యధికుల క్రోమోజోములు, హార్మోన్లు పుట్టినప్పుడు రాసిన లింగానికి తగ్గట్టే ఉంటాయి. నీ కథానాయకుడికి నిజంగా పరీక్ష చేయిస్తే ఎక్స్‌ఎక్స్ అని రావడానికే అవకాశం ఎక్కువ. పైన చెప్పినట్టు ఆడా మగా అన్న మామూలు విభజనలో ఇమడని శరీరంతో, అంటే ఇంటర్‌సెక్స్ శరీరంతో పుట్టడం ఒకటి, ట్రాన్స్ కావడం ఇంకొకటి. నువ్వు ఆ రెండింటినీ కలిపేశావు. ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది మూడో సంగతి, దాన్నీ ఇందులోకి లాగకు.

పెంపకంతోనే ఆడా మగా తయారవుతారని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. 1965లో కెనడాలో పుట్టిన డేవిడ్ రీమర్‌కు పసితనంలో సున్తీ చేస్తుండగా అవయవం పూర్తిగా దెబ్బతింది. జాన్ మనీ అనే ప్రసిద్ధ మానసిక శాస్త్రవేత్త సలహా మీద శస్త్రచికిత్స చేసి ఆడపిల్లగా పెంచారు. ప్రయోగం ఫలించిందని మనీ ఏళ్ల తరబడి లోకానికి చెప్పాడు. ఆ పిల్లాడు మాత్రం గౌన్లతో, బొమ్మలతో పోరాడుతూ పెరిగాడు. పద్నాలుగో ఏట తండ్రి నిజం చెప్పాక మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. 1997లో అసలు సంగతి వైద్య పత్రికలో వచ్చింది. 2004లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతని జీవితం గురించి రాసేటప్పుడు ఎవరూ దాన్ని వాదనలో ఒక పాయింటుగా వాడుకుని వదిలేయకూడదని నా కోరిక. ఒక్కడి కథతో సిద్ధాంతం నిలబడదు. కానీ గౌను తొడిగి, పేరు మార్చి మనిషి లోపలి ఎరుకను మార్చేయవచ్చన్న ధీమాను అది గట్టిగా దెబ్బకొట్టింది.

అలాగని గర్భంలోని హార్మోన్లే అంతా తేల్చేస్తాయా? అదీ పూర్తిగా కుదరడం లేదు. ఎక్స్‌ఎక్స్‌తో పుట్టి, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లోని లోపం వల్ల గర్భంలోనే మగ హార్మోన్లు ఎక్కువగా అందిన పిల్లలున్నారు. వాళ్లలో ఎక్కువమంది పెద్దయ్యాక తాము ఆడవాళ్లమనే అంటారు. మగవాళ్లమనేవాళ్లు కొద్దిమందే అయినా, మిగతా జనంలో కంటే ఆ పాలు ఎక్కువ. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరు ట్రాన్స్ అయితే రెండోవారూ కావడం వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అయినా ఒకరు అయి, మరొకరు కాని జంటలూ బోలెడు. మెదడు సంగతికొస్తే, 1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆరుగురు ట్రాన్స్ మహిళల (పుట్టినప్పుడు మగ అని రాసిన ఆడవాళ్ల) మెదళ్లలో ఒక చిన్న భాగం ఆడవాళ్లలో ఉండే పరిమాణంలో ఉందని ప్రకటించారు. చూసినవి ఆరు మెదళ్లే, పైగా వాళ్లు ఏళ్లపాటు హార్మోన్లు వాడినవాళ్లు. ఆ భాగంలో ఆడా మగా తేడా యుక్తవయసు దాటాకే స్పష్టంగా కనిపిస్తుందని 2002లో అదే దేశం నుంచి మరో అధ్యయనం వచ్చింది. చిన్నప్పటి నుంచే తెలుసనేవాళ్ల అనుభవాన్ని దానితో ఎలా వివరిస్తావు? జన్యువులు, గర్భంలోని హార్మోన్లు, పెరిగే క్రమంలో తనను తాను అర్థం చేసుకోవడం, ఇలా ఎన్నో పాయలు కలుస్తున్నాయనే ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు చెబుతున్నాయి. ఒక్క కారణం చేతికి చిక్కలేదు.

కాబట్టి మూడో పేజీలో తల్లి చేత 'కొడుకు కావాలని కోరుకున్నాను, అందుకే ఇలా అయింది' అనిపించావే, అది ఆమె బాధగా ఉండనీ. కథకురాలివిగా నువ్వు దాన్ని సమర్థించకు. పెంపకమో, చిన్నప్పటి గాయమో మనిషిని ట్రాన్స్ చేస్తుందని చూపించే ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల వర్గీకరణ జాబితాలో ట్రాన్స్ కావడాన్ని మానసిక రుగ్మతల నుంచి తప్పించింది. నీ డాక్టరు వాడిన 'జబ్బు' అన్న మాట కొట్టేయి.

క్రియాపదాల సంగతి కూడా చూసుకో. రిపోర్టు వచ్చేదాకా నీ కథనం 'వచ్చింది, వెళ్లింది' అని, ఆ తర్వాత 'వచ్చాడు, వెళ్లాడు' అని నడిచింది. అంటే కథ చెప్పే గొంతు కూడా ఆ తండ్రిలాగే డాక్టరు సంతకం కోసం ఎదురుచూసింది. తల్లిదండ్రుల మాటల్లో 'వచ్చింది' ఉండనీ, వాళ్లు అలాగే అంటారు. కథనంలో మొదటి వాక్యం నుంచే 'వచ్చాడు' అని రాయి. చదివేవాడు కాసేపు తడబడతాడు. తడబడనీ.

ఆసుపత్రి సన్నివేశం తీసేయమనడం లేదు. ఎక్స్‌ఎక్స్ అని రాసి ఉన్న రిపోర్టు పట్టుకుని ఆ తండ్రి ఏం చేస్తాడో రాయి. అది కష్టం, నాకు తెలుసు. రాశాక, పత్రికకు పంపేముందు ఎవరైనా ట్రాన్స్ మనిషి చేత చదివించు. వాళ్లకు ఇష్టమైతేనే. వాళ్ల శరీరం గురించి, ఆపరేషన్ల గురించి అడగకు. నీ కథానాయకుడు ఎక్కడ నిజమైన మనిషిలా లేడో మాత్రం అడుగు. వాళ్లు గీత గీసిన చోట్లు అలాగే ఉంచి, ఆ ప్రతినే నాకు పంపు.

ఆశీస్సులతో.