ఏడాది చివర ల్యాబులో ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మా పరిశోధనశాలకు ఈ ఏడాదీ నిధులు అరకొరగానే వచ్చాయి. కొత్త పరికరాల ఆశ లేదు. సెలవులకు ముందు ఉన్నవాటిని ఎలా కాపాడుకోవాలి?

జవాబు: ముందు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ దగ్గరికి వెళ్లండి. అది పాడైతే ఏళ్ల తరబడి దాచుకున్న నమూనాలు పోతాయి, అవి ఏ నిధులతోనూ తిరిగి రావు. తలుపు రబ్బరు అంచున మంచు పేరుకుంటే తలుపు సరిగా పడదు. తేమ గాలి లోపలికి దూరి ఇంకా మంచు కడుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. ప్లాస్టిక్ గరిటెతో గీకండి, కత్తి వద్దు, రబ్బరు తెగుతుంది. కింది గాలి ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి.

తర్వాత పిపెట్లు, అంటే ద్రవాన్ని కొలిచి తీసే సాధనాలు. 1000 మైక్రోలీటర్ల దగ్గర పెట్టి, 20 డిగ్రీల స్వేదనజలాన్ని పదిసార్లు తూచండి. సగటు దాదాపు 0.997 గ్రాములు రావాలి. బాగా తగ్గితే చాలాసార్లు లోపలి సీలు అరిగిందనే అర్థం. సీలు మారిస్తే సరిపోయేదానికి పిపెట్‌నే పక్కన పడేయడం చూస్తే బాధేస్తుంది.

పీహెచ్ (ఆమ్లత) కొలిచే ఎలక్ట్రోడును స్వేదనజలంలో వదిలి వెళ్లకండి, లోపలి లవణాలు బయటికి కారిపోతాయి. 22.4 గ్రాముల పొటాషియం క్లోరైడు కరిగించి, 100 మిల్లీలీటర్లకు నింపిన ద్రావణంలో ఉంచండి.

ఇంకొకటి: ఏ భాగం చెడి ఎన్ని రోజులు పని ఆగిందో తేదీలతో రాసిపెట్టండి. వచ్చే ఏడాది నిధుల దరఖాస్తుకు ఆ పేజీని జతచేయండి.