కాలేజీకి వెళ్ళకుండా ఇంటర్ స్థాయిలో లా చదవవచ్చా? చదివిన మనిషిగా నా సమాధానం

పదో తరగతి అయ్యాక కాలేజీకి వెళ్ళే వీలు లేనివారు ఇంట్లోనే ఉండి, ఆన్‌లైన్ పాఠాలతో ఇంటర్ స్థాయిలో లా చదవవచ్చా, ఆ సర్టిఫికెట్టుతో తర్వాత లా కాలేజీలో చేర్చుకుంటారా అని అడిగారు. చదవవచ్చు, చేర్చుకుంటారు. నేను అలాగే చదివాను. అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరిలో, పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, అందరూ ఎన్ఐఓఎస్ అని పిలిచే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఇంటర్‌కు సమానమైన సీనియర్ సెకండరీకి చేరి, ఐదు సబ్జెక్టులలో ఒకటిగా లా తీసుకుని ఉత్తీర్ణురాలినయ్యాను. ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఐదేళ్ళ లా కోర్సు చదువుతున్నాను. కనుక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది: ముందుగా ఇంటి దగ్గర లా చదివి వచ్చినవారికి చట్టం పట్టుబడినట్టుగా, నేరుగా కాలేజీ బెంచీ మీద మొదలుపెట్టినవారికి పట్టుబడదు. మన గోదావరి డెల్టాలో అయితే ఇది మరీ నిజం.

ముందుగా మీ భయం తీరుస్తాను. దూరవిద్యలో చదివిన ఇంటర్ లా కోర్సుకు పనికిరాదని మా చుట్టుపక్కల అందరూ నమ్మకంగా చెబుతారు. అది అబద్ధం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నిబంధనలలో 5వ నిబంధన తీసి చూడండి. ప్లస్ టూను దూరవిద్య ద్వారా గాని కరస్పాండెన్స్ ద్వారా గాని పూర్తిచేసినవారు ఐదేళ్ళ కోర్సుకు అర్హులేనని అందులో స్పష్టంగా ఉంది. దాని కిందనే మరో వివరణ ఉంది: కింది చదువు ఏదీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పై పరీక్ష రాసినవారు అర్హులు కారు. పదో తరగతి పాసై, ఆ తర్వాత ఇంటర్ స్థాయి పూర్తిచేసినవారికి ఆ వివరణతో పనే లేదు. ఈ రెండు వాక్యాలను కలిపి చదివే ఓపిక లేనివారే ఊరందరినీ భయపెడుతున్నారు. అయితే లా డిగ్రీ మాత్రం దూరవిద్యలో కుదరదు, దానికి కాలేజీకి వెళ్ళి హాజరు వేయించుకోవలసిందే. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎల్ఎల్‌బీ చేయవచ్చని ప్రకటనలు ఇచ్చేవారికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మన రాష్ట్ర ఇంటర్‌లో సీఈసీ గాని హెచ్ఈసీ గాని తీసుకుంటే సివిక్స్‌లో రాజ్యాంగం కొంత వస్తుంది గాని, ఒప్పందం, బాకీ, నేరం, దావా అన్నవాటిని చట్టం ఎలా చూస్తుందో నేర్పే సబ్జెక్టు ఆ గ్రూపులలో లేదు. సార్వత్రిక విద్యలో లా విడిగా ఒక సబ్జెక్టు. ఒకసారి నమోదైతే ఐదేళ్ళ వరకు చెల్లుతుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి, అసైన్‌మెంటుకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. పుస్తకం ఇంటికి వస్తుంది, అదే పుస్తకం సంస్థ వెబ్‌సైటులో ఉచితంగానూ ఉంటుంది. వీడియో పాఠాలు 'స్వయం' అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో ఉంటాయి. ఇంతకు మించి ఏర్పాట్ల గురించి చెప్పవలసినది లేదు. చెప్పవలసినదంతా చదువు గురించే.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదను డెల్టావాసులెవరూ మరచిపోరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు. ఆ ఏడాది నీరు దానిని దాటిపోయి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వెళ్ళింది. లంకలు మునిగిపోయాయి. ఏటిగట్టుకు అవతల లంకలో ఒంటరిగా ఉండే మా పిన్ని, బియ్యం బస్తాలను వదిలేసి ఒక ట్రంకు పెట్టెను మాత్రం పడవలో వేయించుకుని మా ఇంటికి వచ్చింది. పెట్టె అడుగుకు నీరు తగలడంతో లోపలి కాగితాలన్నీ తీసి మా సావిట్లో మంచం మీద ఆరబెట్టాము. పట్టాదారు పాసుపుస్తకం, బాబాయి మరణ ధ్రువపత్రం, డ్వాక్రా పుస్తకం, వాటి మధ్య మడతలు పడిన ఒక ప్రామిసరీ నోటు కనిపించాయి.

ఆ నోటు 2019 జూన్‌లో రాసినది. బాబాయి పోయాక చేతికి వచ్చిన డబ్బులో రెండు లక్షలను పిన్ని ఒక కొబ్బరి వ్యాపారికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చింది. అతను మొదట్లో వడ్డీ తెచ్చి చేతికి ఇచ్చేవాడు గాని నోటు వెనుక ఎప్పుడూ చెల్లు రాయలేదు. కరోనా వచ్చాక లారీలు కదలడం లేదన్నాడు, ఆ తర్వాత కాయ ధర పడిపోయిందన్నాడు, చివరకు వరదకు కొద్ది రోజుల ముందు పిన్ని అడగడానికి వెళితే, "అక్కగారూ, నోటు రాసి మూడేళ్ళు దాటిపోయిందండి. మురిగిపోయిన నోటు పట్టుకుని ఏ కోర్టుకు వెళ్ళినా చెల్లదండి. నాకు వీలున్నప్పుడు నేనే చూసి ఇస్తాను లెండి" అన్నాడట. ఊళ్ళో పెద్దమనుషులను అడిగితే వారూ అదే చెప్పారు. దస్తావేజులు రాసే ఆయనను అడిగితే ఆయనా అదే చెప్పాడు. పిన్ని ఆ డబ్బు మీద ఆశ వదులుకుంది గాని కాగితాన్ని మాత్రం వదల్లేదు.

వారు చెప్పిన సూత్రంలో తప్పు లేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, అడగగానే ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్ళే గడువు. ఆ మూడేళ్ళలోపల బాకీదారు తాను బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెడితే 18వ సెక్షన్ కింద, కొంత సొమ్ము చెల్లించి ఆ సంగతి తన చేతిరాతతో గాని సంతకంతో గాని నమోదు చేస్తే 19వ సెక్షన్ కింద గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. పిన్ని దగ్గర ఆ రెండూ లేవు. చేతికి ఇచ్చిన వడ్డీకి రుజువు లేదు. పైపైన చూస్తే నోటు నిజంగానే మురిగిపోయింది.

అయితే ఆ రోజులలో నేను సుప్రీంకోర్టు అధికారాల పాఠం చదువుతున్నాను. సంపూర్ణ న్యాయం చేయడానికి అవసరమైన ఉత్తర్వు ఏదైనా ఇచ్చే అధికారాన్ని రాజ్యాంగం 142వ అధికరణం సుప్రీంకోర్టుకు ఇచ్చిందని చెబుతూ, వీడియోలో పాఠం చెప్పే ఆవిడ, కరోనా కాలంలో కోర్టుకు వెళ్ళలేకపోయినవారి గడువులను ఈ అధికారంతోనే పొడిగించారని ఒక్క వాక్యంలో అని ముందుకు వెళ్ళిపోయారు. పరీక్షకు ఆ వాక్యంతో పని లేదు. కాలేజీలో అయితే నేను కూడా దానిని వదిలేసి ముందుకు వెళ్ళేదాన్నేమో. మంచం మీద నోటు ఆరుతూ ఉండగా మాత్రం ఆ వాక్యం నన్ను వదల్లేదు. వరదకు కరెంటు పోయింది. మా ఆయన ఆటో బ్యాటరీతో ఫోనుకు చార్జింగు పెట్టి ఇచ్చారు. సిగ్నలు కోసం డాబా ఎక్కి, సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఇచ్చిన ఉత్తర్వును వెతికి పట్టుకున్నాను. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని గడువు లెక్కలోంచి పూర్తిగా మినహాయించాలని అందులో ఉంది.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. 2019 జూన్ నుంచి 2020 మార్చి మధ్య వరకు తొమ్మిది నెలలు ఖర్చయ్యాయి. మధ్యలోని రెండేళ్ళు, కొద్ది రోజులు తక్కువగా, లెక్కలోకి రావు. మిగిలిన గడువు 2022 మార్చి 1 నుంచి మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. అంటే ఆ నోటు 2024 మే నెల దాకా బతికే ఉంటుంది. నేను ఆ ఉత్తర్వును తెలుగులో చెబుతుంటే పిన్ని "ఆ తేదీలు మళ్ళీ చదువు అమ్మడూ" అని పదే పదే చదివించుకుంది.

నీరు తీశాక ఇద్దరం అమలాపురం కోర్టు ఆవరణలోని న్యాయసేవల కార్యాలయానికి వెళ్ళాము. ఇది కూడా నాకు పాఠంలో తెలిసినదే: రాజ్యాంగం 39ఎ అధికరణం ఉచిత న్యాయసహాయం గురించి చెబుతుంది, దానికోసం వచ్చిన 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం దొరుకుతుంది. అక్కడి న్యాయవాది నోటూ ఉత్తర్వూ చూసి, లెక్క సరైనదేనని చెప్పి, వ్యాపారికి నోటీసు పంపించారు. దావా వేయకముందే విషయం, తగాదాలను రాజీతో తీర్చే లోక్ అదాలత్‌కు వెళ్ళింది. కోర్టు గుమ్మం ఎక్కాక ఆ వ్యాపారి నోటి వెంట మురిగిన నోటు మాట రాలేదు. అసలు మొత్తమూ, వడ్డీలో కొంతా వాయిదాల మీద ఇస్తానని సంతకం పెట్టాడు, కొబ్బరి దింపు డబ్బులు చేతికి వచ్చినప్పుడల్లా ఇచ్చి తీర్చాడు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమనీ, దాని మీద అప్పీలు ఉండదనీ అదే చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్‌ను నేను పరీక్షకోసం కంఠతా పట్టవలసిన అవసరం రాలేదు.

అందుకే అంటున్నాను, లా చదవడానికి మన ఇళ్ళు ఏ కాలేజీకీ తీసిపోవు. డెల్టాలో కాగితం లేని ఇల్లు లేదు. కౌలు సంగతే తీసుకోండి. కౌలు రైతుకు పంటరుణం, నష్టపరిహారం అందాలని 2019లో రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలలకు ఒప్పందం రాసుకుని కార్డు తీసుకోవచ్చు, భూమి మీద యజమాని హక్కుకు ఏ భంగమూ రాదు. అయినా సంతకం పెడితే పొలం పోతుందేమోనన్న భయంతో ఎందరో యజమానులు పెట్టరు. ఒప్పందాల పాఠం చదివిన ఆడపిల్ల ఆ ఇంట్లో ఒక్కతి ఉంటే, ఆ చట్టాన్ని భోజనాల దగ్గరే తండ్రికి చదివి వినిపించగలదు. నా తరగతిలో నేరుగా కాలేజీకి వచ్చినవారు 1903 నాటి మోహరీ బీబీ కేసును మార్కులకోసం చదువుతారు. మైనరు రాసిన తనఖా చెల్లదని బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ తేల్చిన కేసు అది. పద్దెనిమిది నిండని కొడుకు చేత నోటు రాయించుకుని మోసపోయిన ఇంటిని చూసినవారికి ఆ కేసు ఒక్కసారి వింటే చాలు.

ఇక ఈ చదువులో నాకు కోపం తెప్పించినవి కొన్ని ఉన్నాయి. లా పాఠాలను నేను మొత్తం ఇంగ్లీషులోనే చదవవలసి వచ్చింది. లా కోర్సుల ప్రవేశపరీక్ష అయిన లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు, రాజ్యాంగానికి అధికారిక తెలుగు పాఠం ఉంది, సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోకి వస్తున్నాయి. మరి ఇంటర్ స్థాయి పాఠ్యపుస్తకం తెలుగులో నా చేతికి రాకపోవడానికి కారణమేమిటి? పల్లెలో చదివేవారికే దాని అవసరం ఎక్కువ. ఇక అసైన్‌మెంటు జవాబులను కట్టలు కట్టి అమ్మే జిరాక్సు షాపులు ఉన్నాయి. వాటిని కొని చూచిరాతగా రాసి ఇచ్చేవారికి ఆ 20 శాతం దక్కవచ్చు గాని, ఆ అసైన్‌మెంటే ఈ చదువులో మనంతట మనం ఆలోచించి రాసే ఒకే ఒక్క చోటు. పాత వీడియోల సంగతి కూడా జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి నేరాలకు, వాటి విచారణకు సంబంధించిన ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం స్థానంలో కొత్త చట్టాలు వచ్చాయి. హత్యకు శిక్ష 302 అని, మోసానికి 420 అని చెప్పే పాఠాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103వ సెక్షన్‌లో, మోసం 318లో ఉన్నాయి. ఏ పాఠం విన్నా, అందులో చెప్పిన సెక్షన్‌ను ఇండియా కోడ్ వెబ్‌సైటులో స్వయంగా తెరిచి చదవండి. అది ఉచితం, అసలు చట్టం అక్కడే ఉంటుంది.

మీరు చేరేటట్లయితే లాతో పాటు రాజనీతిశాస్త్రం తీసుకోండి, రెండింటిలోనూ రాజ్యాంగం వస్తుంది కాబట్టి ఒక చదువు రెండు పేపర్లకు ఉపయోగపడుతుంది. భాషా సబ్జెక్టుగా ఇంగ్లీషు తీసుకుంటే తర్వాత లా కాలేజీలో పనికివస్తుంది. ఉత్తీర్ణతకు 33 మార్కులు చాలుననుకుని ఆగిపోకండి. ఐదేళ్ళ కోర్సులో చేరడానికి ఇంటర్ స్థాయిలో జనరల్ వారికి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయి పాసయ్యాననే సంతోషంలో లాసెట్ రాసి, ర్యాంకు వచ్చాక కౌన్సెలింగులో ఈ నిబంధన దగ్గర ఆగిపోయింది. సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్ళేటప్పుడు పదో తరగతి మార్కుల పత్రం, సార్వత్రిక విద్యాసంస్థ ఇచ్చిన మార్కుల పత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్టు మూడూ అసలువి దగ్గర ఉంచుకోండి. వాటితో పాటు 2008 నిబంధనలలోని 5వ నిబంధన పేజీని ప్రింటు తీయించి పట్టుకెళ్ళండి. దూరవిద్య చెల్లదని అక్కడ ఎవరైనా అంటే, వాదించకుండా ఆ పేజీ చూపించండి.