కొత్తగూడెంలో కొట్టు పెడుతున్న మేనకోడలికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కొత్తగూడెం బస్టాండ్ దగ్గర చిన్న మడిగె అద్దెకు మాట్లాడావట. ఇయర్‌బడ్స్, బ్లూటూత్ స్పీకర్లు, స్మార్ట్ వాచీలు బాగుచేసే కొట్టు పెడతావట. అక్క గొంతులో భయమే ఎక్కువ వినపడింది. "ఆడపిల్ల, ఒక్కతే కౌంటర్లో కూర్చుంటే ఎట్లారా" అంది. నాకు ఆ భయం లేదు. చిన్నప్పుడు నా కొట్టులో స్టూలెక్కి కూర్చుని, టంకం పొగకి కళ్ళు మండుతున్నా కదలని పిల్లవి నువ్వు. మా నాన్న రేడియోలు బాగుచేశాడు, నేను టేప్ రికార్డర్లు, ఫోన్లు చూశాను, ఇప్పుడు నువ్వు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక నాకూ ఒక భయం పట్టుకుంది. అదేంటో నీకు తెలుసు. ఆ సంగతికి వస్తాను, ముందు పని మాట్లాడుకుందాం.

నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఒకటే మాట అంటారు: "కనెక్ట్ అవ్వట్లేదు." ఆ మాట వినగానే చెయ్యి పనిముట్ల మీదికి పోకూడదు. అలా వచ్చినవాటిలో చాలావాటికి లోపల ఏమీ పాడై ఉండదు. ఛార్జింగ్ ఉందా చూడటం, బ్లూటూత్ ఆపి మళ్ళీ వెయ్యడం, ఫోన్ రీస్టార్ట్ చెయ్యడం నీకు నేను చెప్పక్కర్లేదు.

తీగ ఉన్న రోజుల్లో రోగం కంటికి కనపడేది. ఇయర్‌ఫోన్ తెచ్చారంటే పిన్ను దగ్గర వైరు కొంచెం వంచేవాణ్ణి. ఒక చెవిలో పాట వచ్చి పోయిందంటే తెగింది అక్కడే. కత్తిరించి, లోపలి సన్నటి తీగల మీద పూత గీకి, టంకం పెట్టి ఇస్తే మనిషి అక్కడే నిలబడి పాట విని నవ్వుతూ వెళ్ళేవాడు. 2016లో ఐఫోన్ 7 ఆ పిన్ను పెట్టే రంధ్రమే లేకుండా వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే ఎయిర్‌పాడ్స్ అమ్మకానికి వచ్చాయి. తర్వాత మిగతా కంపెనీలూ చాలా ఫోన్లలో అదే బాట పట్టాయి, నా బల్ల మీదికి వచ్చే సరుకే మారిపోయింది. ఇప్పుడు రెండు చెవులకీ రెండు విడి యంత్రాలు. దేని బ్లూటూత్ చిప్ దానిది, దేని బ్యాటరీ దానిది. పెట్టుకునే కేసులో ఇంకో బ్యాటరీ. వంచి చూడటానికి తీగ లేదు కాబట్టి మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఎప్పటి నుంచి రావట్లేదు, ఆఖరిసారి ఏ ఫోన్‌తో విన్నారు, ఈమధ్య ఫోన్ మార్చారా, ఇంట్లో ఇంకెవరైనా వాడతారా. సిగ్గుపడకుండా అడుగు.

ఇక ఆ సంగతి. నీకు బాధ కలిగినా రాస్తాను.

నువ్వు డిప్లొమా చదువుతూ వేసవి సెలవులకి వచ్చావు. నేను బ్యాంకు పని మీద వెళ్ళాను. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే ఒక నర్సమ్మ ఇయర్‌బడ్స్ తెచ్చింది. కొత్త ఫోన్ కొన్నదట, దానికి ఎంతకీ కలవట్లేదు, లిస్టులో పేరే రావట్లేదు. నువ్వు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కేసులోనే ఏదో పోయిందనుకున్నావు. బడ్స్ తీసి పక్కన పెట్టి, కేసు అంచు సందులోకి సన్నటి ఇనప బ్లేడు దూర్చి ఎత్తావు. లోపల వెండి రంగు రేకు సంచిలా ఉండే లిథియం బ్యాటరీ ఉంటుందని నీకు పుస్తకంలో తెలుసు, చేతికి తెలీదు. బ్లేడు దాన్ని పొడిచింది.

నేను మెట్లెక్కుతుంటేనే వాసన వచ్చింది, తియ్యగా ఘాటుగా, నెయిల్ పాలిష్ తీసే మందులాగా. లోపలికి వచ్చేసరికి బుస్సుమని పొగ, వెంటనే చిన్న మంట. నువ్వు ఆ కేసుని చేత్తో తీసి బయటికి విసరబోతున్నావు. నేను అరిచిన అరుపు నీకింకా గుర్తుండే ఉంటుంది. దాన్ని పట్టకారుతో ఇసక బకెట్లో పడేసి, ఆవిణ్ణీ నిన్నూ బయటికి లాగి, పొగ పోయేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. అందరి ముందూ నిన్ను తిట్టాను. నువ్వు ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత నేను ఆ నర్సమ్మని అడిగాను, "అమ్మా, మీ దగ్గర ఇంకో ఫోన్ ఏదైనా ఉందా?" అని. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సిమ్ లేని పాత ఫోన్ తీసింది. పిల్లాడు గేములు ఆడుకుంటాడని ఉంచిందట. దానిలో బ్లూటూత్ ఆన్‌లోనే ఉంది. తెర మీద ఆ బడ్స్ పేరు, కింద 'కనెక్టెడ్' అని. అంతే సంగతి. కేసులోంచి తీసిన ప్రతిసారీ ఆ బడ్స్ తమకి అలవాటైన పాత ఫోన్‌ని వెతుక్కుని వెళ్ళి కలుస్తున్నాయి. ఒకసారి కలిశాక కొత్త ఫోన్‌కి కనపడవు. పాత ఫోన్‌లో బ్లూటూత్ ఆపి, బడ్స్ రెండిటినీ వేలితో కాసేపు నొక్కి పట్టి పేరింగ్‌లో, అంటే కొత్తగా జత కలిసే స్థితిలో పెట్టగానే కొత్త ఫోన్ లిస్టులో పేరు వచ్చింది. బాగున్న వస్తువుని మనం కాల్చాం. ఆవిడకి కొత్త సెట్ కొనిచ్చాను.

డబ్బు గురించి కాదు రాయడం. ఆ రోజు తిట్టే ముందు నేను చూసింది నీ వేళ్ళు. ఏమీ కాలేదని తెలిశాకే నాకు కోపం వచ్చింది. ఆ మాట నీకు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కాబట్టి కౌంటర్ దగ్గర నీ మొదటి ప్రశ్న "ఇంకో ఫోన్ ఉందా, ల్యాప్‌టాప్ ఉందా, ట్యాబ్ ఉందా, టీవీకి ఎప్పుడైనా కలిపారా" అనేదే కావాలి. కాలేజీ పిల్లల సంచిలో ల్యాప్‌టాప్ ఉంటుంది, మూసి ఉన్నంత మాత్రాన ఊరుకుంటుందనుకోకు. కొన్ని బడ్స్ ఒకేసారి రెండిటికి కలిసి ఉండగలవు, మూడోది వస్తే తలుపు తియ్యవు. అన్నిటిలోనూ బ్లూటూత్ ఆపించి, అప్పుడు పని మొదలుపెట్టు.

రెండోది, నీ సొంత ఫోన్‌తో కలిపి చూడు. కౌంటర్లో ఒక పాత ఆండ్రాయిడ్, వీలైతే ఒక పాత ఐఫోన్ ఇందుకే ఉంచుకో. నీ ఫోన్‌కి కలిశాయంటే బడ్స్ బాగున్నట్టే, చిక్కు కస్టమర్ ఫోన్‌లో ఉంది. ఒకసారి జత కలిసినప్పుడు ఫోనూ బడ్సూ ఒక రహస్య కీ తయారుచేసుకుని చెరొకచోట దాచుకుంటాయి. ఒకవైపు అది చెరిగి, రెండోవైపు పాతదే మిగిలితే ఎన్నిసార్లు నొక్కినా 'కనెక్టింగ్' అని తిరిగి ఆగిపోతుంది. అందుకని రెండువైపులా తుడవాలి. ముందు ఫోన్ లిస్టులో 'ఫర్గెట్' కొట్టు, తర్వాత బడ్స్ రీసెట్ చెయ్యి, ఆ తర్వాతే కొత్తగా కలుపు. చాలామంది ఇంట్లో మొదటి సగమే చేసి నీ దగ్గరికి వస్తారు.

రీసెట్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఊహించి నొక్కకు, ఆ మోడల్ మాన్యువల్ తీసి చూడు. పాత ఎయిర్‌పాడ్స్‌కి కేసు వెనక బటన్‌ని సుమారు 15 సెకన్లు పట్టుకుంటే లైటు ముందు నారింజ రంగులో మెరిసి తర్వాత తెల్లగా మెరుస్తుంది. 2024లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ 4కి ఆ బటనే లేదు, కేసు ముందు భాగం మీద తట్టాలి. ఈ తేడా తెలీక లేని బటన్ కోసం కేసంతా గీకేవాళ్ళుంటారు.

ఆండ్రాయిడ్‌లో వైఫై, బ్లూటూత్ సెట్టింగులన్నీ ఒక్కసారే రీసెట్ చేసే దారి ఉంది. పని చేస్తుంది కూడా. కానీ దాంతో ఇంటి వైఫై పాస్‌వర్డ్ దగ్గర్నుంచి కారు బ్లూటూత్ దాకా అన్నీ చెరిగిపోతాయి. మనిషికి చెప్పి, సరేనన్నాకే చెయ్యి. ఫోన్ మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం ఇయర్‌బడ్స్ కోసం ఎప్పుడూ చెయ్యకు. వాళ్ళ పిల్లల ఫోటోలు అందులో ఉంటాయి తల్లీ. ఫోన్ లాక్ నంబర్ కాగితం మీద రాయించుకోవద్దు, వాళ్ళ చేతే తీయించు, వాళ్ళ కళ్ళ ముందే పని చెయ్యి.

ఒక చెవే పనిచేస్తోందని వస్తే ఛార్జింగ్ పిన్నులు చూడు. మోగని బడ్‌కి కేసులో కూర్చున్నా కరెంటు ఎక్కకపోతూ ఉండొచ్చు. మీ కొత్తగూడెంలో బొగ్గు లారీల దుమ్ము గాల్లో ఎప్పుడూ ఉంటుంది. దానికి చెవి గులిమి, చెమట తోడైతే పిన్ను మీద నల్లటి పొర కడుతుంది. భూతద్దం పెడితే స్పష్టంగా కనపడుతుంది. దూదిపుల్లకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, పిండి, మెల్లగా తుడిస్తే బంగారు రంగు బయటపడుతుంది. టేప్ రికార్డర్ హెడ్డు తుడవమని నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఇచ్చిన పని గుర్తుందా, అదే చెయ్యి ఇప్పుడు కావాలి. శబ్దం వచ్చే జాలీ మీదికి మాత్రం ఆ ద్రవం పోకూడదు, అక్కడ పొడి బ్రష్షే. గుండుసూదితో పొడవకు.

కొత్తగా కొన్నవి ఒకటే మోగుతోందంటే ఇంకా తేలిక. బడ్ పిన్నుల మీద కంపెనీ అంటించిన సన్నటి ప్లాస్టిక్ పొర తియ్యకుండానే కేసులో పెట్టేసి ఉంటారు. చెవికి బిగుతుగా ఉండాలని పెద్ద రబ్బరు తొడుగులు మార్చుకున్నవాళ్ళకి కేసు మూత సరిగ్గా పడదు, బడ్ పైకి లేచి పిన్నుకి అందదు. ఇలాంటివాటికి డబ్బు తీసుకోకు. పొర తీసి చూపించి పంపిస్తే ఆ మనిషి ఇంకో నలుగుర్ని తీసుకొస్తాడు.

కలుస్తున్నాయి గానీ పాట తెగి తెగి వస్తోందంటారు కొందరు. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద, వైఫై రూటర్లు చాలావరకు అక్కడే, మైక్రోవేవ్ ఒవెన్ కూడా అక్కడే. పైగా మన ఒంట్లో నీళ్ళు ఆ తరంగాన్ని మింగేస్తాయి. ఫోన్ ప్యాంటు వెనక జేబులోంచి చొక్కా జేబులోకి మార్చి వినమని చెప్పు, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. 'కనెక్టెడ్' అని ఉండి పాట రాకపోతే బ్లూటూత్ లిస్టులో ఆ పేరు పక్కన సెట్టింగ్స్ తెరిచి 'మీడియా ఆడియో' ఆన్‌లో ఉందో లేదో చూడు. కాల్స్ వస్తాయి, పాటలు రావు అన్నారంటే అదే అయ్యుంటుంది.

ఒకటి పారేసుకుని ఎక్కడో విడిగా కొన్న బడ్‌ని జత చెయ్యమని తెస్తారు. మోడల్ సరిగ్గా అదే కాకపోతే కలవదు, అదే అయినా లోపలి సాఫ్ట్‌వేర్ తేడా ఉంటే మొరాయిస్తుంది. ముందే చెప్పి తీసుకో. దొరికాయంటూ ఎవరైనా తెస్తే రీసెట్ చేసి ఇవ్వకు. ఎవరివో తెలీని వస్తువు మనకొద్దు.

ఇక తెరవక తప్పని రోజు వస్తుంది. ఆ రోజు ప్లాస్టిక్ పలకే వాడు, ఇనుము వద్దు. కేసు ఛార్జింగ్ బాగా దిగాకే తెరువు. లిథియం సెల్ మామూలుగా 3.7 వోల్టులు, నిండితే 4.2 ఉంటుంది. ఏడాదిపాటు సొరుగులో పడేసిన బడ్స్‌లో 2.5 కంటే కిందికి పోయి కనపడితే దాన్ని బతికించాలని బయటినుంచి కరెంటు ఎక్కించకు. ఒకళ్ళు చేసి వీడియో పెట్టారు కదా అంటావు. వాళ్ళ మాట నాకొద్దు. ఉబ్బిన సెల్‌ని నొక్కకు, గుచ్చకు, ఆ రిపేరు ఒప్పుకోకు. తీసేసిన సెల్స్ కొసలకి టేపు చుట్టి ఇనప డబ్బాలో విడిగా పెట్టు, చెత్తబుట్టలో వెయ్యకు. ఇలాంటి బ్యాటరీల కోసం 2022లో కేంద్రం రూల్స్ కూడా తెచ్చింది, సేకరించేవాళ్ళకే అప్పగించు.

మడిగెకి తలుపు ఒకటే అని అక్క చెప్పింది. అది విన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. నీ బల్ల తలుపు పక్కనే వేసుకో, లోపలి గోడకి కాదు. మంటకీ తలుపుకీ మధ్య నువ్వు ఉండాలి గానీ, నీకూ తలుపుకీ మధ్య మంట ఉండకూడదు. ఇసక బకెట్ బల్ల కింద, పొడుగు పట్టకారు దాని మీదే. పొగ వస్తే వస్తువు సంగతి వదిలేసి బయటికి రా, ఆ పొగ పీల్చకు. షట్టర్ వేసేముందు ఛార్జింగ్‌లో ఉన్నవన్నీ తీసి, మెయిన్ ఆపు. రాత్రంతా ఎక్కాలని ఒక్కటి కూడా వదలొద్దు, కస్టమర్ పొద్దున్నే వస్తానన్నా సరే.

నా మల్టీమీటరు, భూతద్దం దీపం, కొత్త పనిముట్ల పెట్టె నీకోసం కట్టి ఉంచాను. ఆదివారం ఖమ్మం వచ్చి తీసుకెళ్ళు, అత్తయ్య పప్పుచారు చేస్తానంది. కొట్టుకి ఏం పేరు పెడుతున్నావో అప్పుడు చెబుదువుగాని. బోర్డు పెయింటర్‌కి నేనే అడ్వాన్స్ ఇస్తాను.

మీ మావయ్య