ఏరియా ఎలాంటిదని అడిగితే ఏజెంటు ఎందుకు మాట దాటేశారు?

జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గరి కమింగ్‌లో ఇల్లు కొనబోతున్న దంపతులు అడిగిన సందేహం ఇది: "రెండు నెలలుగా ఇళ్ళు చూపిస్తున్న మా ఏజెంటు అన్నిటికీ ఓపిగ్గా సమాధానం చెబుతారు. కానీ ఈ కాలనీలో ఎలాంటివాళ్ళుంటారు, మనవాళ్ళు ఎక్కువేనా, ఏరియా మంచిదేనా అని అడిగితే మాత్రం మాట దాటేస్తున్నారు. ఏజెంటును మార్చుకోమంటారా?"

మార్చుకోవద్దు. ఆమె చట్టం తెలిసిన మనిషి. పాతికేళ్ళ కిందట అట్లాంటాకు వచ్చిన కొత్తలో నేనూ ఇదే ప్రశ్న అడిగాను. కారు నడుపుతున్న ఆ పెద్దావిడ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "బడుల సరిహద్దుల మ్యాపు ఇస్తాను, నేరాల లెక్కలు పోలీసుల దగ్గర ఎలా తీసుకోవాలో చెబుతాను, మనుషుల గురించి మాత్రం చెప్పను" అన్నారు. పొగరనుకున్నాను. ఆ మౌనం వెనుక ఎంత చరిత్ర ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కొనేవారి జాతిని బట్టి వారిని ఒక పేటకు మళ్ళించడాన్నీ, మరో పేట నుంచి తప్పించడాన్నీ ఇక్కడ స్టీరింగ్ అంటారు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మడంలో గానీ అద్దెకివ్వడంలో గానీ తేడా చూపరాదని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం శాసించింది. మీరు అమాయకంగానే అడిగి ఉండవచ్చు. జవాబిస్తే ఆమె లైసెన్సుకే ముప్పు.

ఆ చట్టం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1930లలో ఫెడరల్ ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల మ్యాపులు గీయించి, నల్లజాతివారున్న పేటలకు ఎర్ర రంగు పూయించింది. అక్కడ ఇళ్ళకు రుణం దొరకడం గగనమయింది. నల్లజాతివారికి అమ్మబోమనే షరతును శ్వేతజాతీయులు ఇంటి దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు ఇచ్చినా, కాగితం మీది మాట పోలేదు. పాత పేటలో ఇల్లు కొన్నవారికి ఆ వాక్యం దస్తావేజులో ఇప్పటికీ ఎదురుపడుతుంటుంది. 1966లో ఇళ్ళ విషయంలో సమానత్వం కోరుతూ మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలో ఊరేగింపు నడిపితే, మార్క్వెట్ పార్క్ దగ్గర విసిరిన రాయి ఆయన తలకు తగిలింది. కాంగ్రెసులో నలుగుతూ వచ్చిన ఆ చట్టంపై, 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో ఆయన హత్య జరిగిన వారం రోజులకు, ఏప్రిల్ 11న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు.

ఇక మీరు ఇల్లు చూస్తున్న ఊరి సంగతి. కమింగ్ ఫోర్సైత్ కౌంటీ కేంద్రం. సాయంత్రం బడి బస్సు ఆగేచోట నిలబడితే తెలుగు మాటలే ఎక్కువగా వినిపించే కాలనీలు అక్కడున్నాయి. అదే కౌంటీలో 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతివారు ఉండేవారు; వారిలో సొంత పొలాలున్న రైతులు, చర్చిలు కట్టుకున్నవారు ఉన్నారు. ఒక శ్వేతజాతి యువతిపై జరిగిన దాడి తర్వాత, అనుమానితుడిగా జైల్లో ఉన్న రాబ్ ఎడ్వర్డ్స్‌ను గుంపు బయటకు ఈడ్చి చంపి, శవాన్ని ఊరి చౌక్‌లో టెలిఫోన్ స్తంభానికి వేలాడదీసింది. ఇద్దరు కుర్రవాళ్ళను హడావుడి విచారణ జరిపి ఉరితీశారు. ఆ తర్వాత గుర్రాల మీద రాత్రిపూట తిరిగే ముఠాలు ఇళ్ళకు, చర్చిలకు నిప్పు పెట్టి, కొద్ది నెలల్లోనే దాదాపు అందరినీ కౌంటీ దాటించాయి. పొలాలను కొందరు అయినకాడికి అమ్ముకున్నారు, కొందరు వదిలేసి పోయారు. (వారాంతాల్లో మనం పులిహోర డబ్బాలతో వెళ్ళే లేనియర్ సరస్సు కోసమే వారిని తరిమారని యూట్యూబులో కథలు చెబుతుంటారు, ఆనకట్ట కట్టింది 1950లలో, అప్పటికి వారు వెళ్ళి నలభై ఏళ్ళయింది.)

ఇదంతా తాతల నాటి మాట అనుకోకండి. 1987 జనవరి 17న వందమంది కూడా లేని ఒక శాంతి ఊరేగింపు ఆ కౌంటీలో అడుగు పెడితే, శ్వేతజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ మనుషులతో కూడిన గుంపు రాళ్ళు, సీసాలు విసిరి తిప్పికొట్టింది. వారం తిరిగేసరికి దాదాపు 20,000 మంది నేషనల్ గార్డ్ రక్షణలో అదే దారిన నడిచారు. రెండుసార్లూ ముందు నిలిచిన హోసియా విలియమ్స్, 1965 మార్చి 7న నల్లజాతివారి ఓటు హక్కు కోసం అలబామాలోని సెల్మా వంతెన మీద ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ పక్కన నడిచి పోలీసు లాఠీలను ఎదుర్కొన్న మనిషి.

సెల్మా పేరు ఎత్తడానికి ఇంకో కారణముంది: మనం ఈ దేశానికి రాగలగడానికీ ఆ పోరాటానికీ సంబంధముంది. భారతీయులు శ్వేతజాతీయులు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుతో పౌరసత్వం పోగొట్టుకున్న శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. అంతకు చాలా ముందే, ఆయన కుటుంబం బర్కిలీలో కొన్న ఇంటికి సామానుతో వస్తే ఇరుగుపొరుగువారు తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. నేడు అదే ఊళ్ళో ఒక వీధికి ఆయన భార్య కళా బగాయ్ పేరుంది. మన భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో, ఆ తర్వాత లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలు చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి అమెరికా జీవితమంతా దాదాపు ఈ నిషేధం నీడలోనే గడిచింది. 1946లో తలుపు కాస్త తెరిచారు: ఏడాదికి 100 మంది భారతీయులు! ఆ లెక్కన మీ కాలనీ ఒక్కటి నిండడానికే ఏళ్ళు పట్టేది.

దేశాలవారీ కోటాలను తీసేసిన వలస చట్టంపై 1965 అక్టోబర్ 3న సంతకమయింది. సెల్మా తర్వాత వచ్చిన ఓటు హక్కు చట్టానికి అప్పటికి రెండు నెలలు. రెండింటినీ ఆమోదించింది ఒకే కాంగ్రెసు. 1946 బిల్లులో, 1964 పౌరహక్కుల చట్టంలో, ఈ వలస చట్టంలో ముఖ్యపాత్ర వహించిన కాంగ్రెసు సభ్యుడు కూడా ఒకరే: ఇమాన్యుయెల్ సెల్లర్. బస్సుల్లో, వంతెనల మీద నల్లజాతివారు దెబ్బలు తిని జాతిభేదాన్ని దేశానికి సిగ్గుచేటుగా చూపించకపోతే, కోటాలు అంత తొందరగా పోయేవని నేననుకోను. అందుకే విందుల్లో మనవాళ్ళు వారిని ఒక ఎగతాళి పేరుతో ప్రస్తావించి నవ్వుకుంటుంటే నాకు ముద్ద దిగదు.

ఏజెంటును ఏం అడగవచ్చంటే: ఇంటి పన్ను, హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) రుసుము, బడి సరిహద్దులు, ఉదయం జార్జియా 400 హైవే మీద పట్టే సమయం. మనుషులెలా ఉంటారో తెలియాలంటే శనివారం సాయంత్రం కాలనీలో ఒక చుట్టు నడవండి. మీ పేరు విని ఎవరైనా ఇల్లు చూపించడానికి నిరాకరిస్తే, తేదీలు, మెసేజీలు భద్రపరచుకుని ఫెడరల్ గృహనిర్మాణ శాఖ హడ్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అందుకు ఏడాది గడువుంది.

మీరు ఉత్తరం చివర్లో, బేస్‌మెంట్ అద్దెకిచ్చి వాయిదాల భారం తగ్గించుకుందామని కూడా రాశారు. యజమాని స్వయంగా ఉండే చిన్న ఇళ్ళకు అద్దెదారును ఎంచుకోవడంలో ఫెయిర్ హౌసింగ్ చట్టం కొంత సడలింపు ఇస్తుంది. ప్రకటనకు మాత్రం ఆ సడలింపు వర్తించదు. కాబట్టి వాట్సాప్ గ్రూపులో "తెలుగువారికి మాత్రమే" అని రాయకండి. గది కొలత, అద్దె, విడి ద్వారం ఉందో లేదో రాయండి, చాలు.