గిటార్ పీస్‌ని బాస్ మీద వాయించొచ్చా?

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది. నాలుగేళ్లుగా మా చర్చిలో ఆదివారాలు బాస్ వాయిస్తున్నాను, నాలుగు తీగల బాస్ గిటార్. క్లాసికల్ గిటార్ మీద వాయించే ‘అస్తూరియాస్’ విన్నప్పటి నుంచి దాన్ని బాస్ మీద నేర్చుకోవాలని పట్టుదల. గిటార్ ట్యాబ్ (ఏ తీగ మీద ఎన్నో ఫ్రెట్, అంటే ఎన్నో మెట్టు నొక్కాలో అంకెల్లో రాసిన కాగితం) పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రెండు నెలలు సాధన చేశాను. ఎడమ చెయ్యి పీకేస్తోంది, పైగా వింటుంటే అంతా గుయ్యిమని కలిసిపోతోంది. ‘బాస్ ఉన్నది పాటకు వెనక నిలబడటానికి, నీకెందుకివన్నీ’ అంటున్నారు ఫ్రెండ్స్. వదిలేయనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వదలొద్దు తమ్ముడూ. ఆ ట్యాబ్‌ని మాత్రం ఇవాళే పక్కన పెట్టెయ్.

అసలు అది గిటార్ కోసం పుట్టిన పీసే కాదు. 1890ల్లో స్పెయిన్ స్వరకర్త అల్బేనిజ్ పియానో కోసం, జి ‘సా’ అయ్యే జి మైనర్‌లో రాశాడు. (అస్తూరియాస్ అనే పేరు కూడా ఆయన పెట్టింది కాదు, 1909లో ఆయన పోయాక పబ్లిషర్ తగిలించిందే.) గిటార్ వాళ్లు దాన్ని ఇ మైనర్‌కి మార్చుకున్నారు. ఎందుకో తెలుసా? ఆ పీస్ వేగంగా నడిచే భాగంలో ఒకే స్వరం టకటకా మోగుతూ ఉంటుంది కదా, అది పంచమం. ఇ ‘సా’ అయితే బి ‘పా’, గిటార్‌కి బి ఓపెన్ తీగ, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండానే మోగేది. ఎడమ చేతికి దానితో పనే లేదు, వేళ్లన్నీ కింద నడిచే రాగం మీదే ఉంటాయి.

నీ బాస్‌కి ఉన్నవి ఇ, ఎ, డి, జి తీగలే, ఓపెన్ బి లేదు. జి తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర బి పట్టుకుని ఉంటావు, ఒక వేలు అక్కడే ఇరుక్కుపోయి మిగతా మూడూ సాగుతున్నాయి. అసలే 34 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న బాస్ మీద ఫ్రెట్లు గిటార్ కంటే ఎంతో దూరం. చెయ్యి పీకకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి సి మైనర్‌కి దింపు. అప్పుడు పంచమం జి, నీ అన్నిటికంటే సన్నని తీగే, ఓపెన్. రాగం డి, ఎ తీగల మీద నడుస్తుంది. పియానోకి రాసిన జి మైనర్ కూడా కుదురుతుంది, డి తీగ ఓపెన్‌గా మోగుతుంది, కానీ రాగం ఎ, ఇ తీగల్లోకి దిగిపోయి నువ్వు చెప్పిన ఆ గుయ్యిమనడమే మళ్లీ వస్తుంది. నేనైతే సి మైనరే అంటాను. రాగం బొటనవేలితో, జి చూపుడువేలితో, బ్రిడ్జికి (తీగలు కట్టి ఉండే చివరకి) దగ్గరగా మీటు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 50 దగ్గర మొదలుపెట్టి, రెండు వేళ్ల దెబ్బలూ తాళానికి సమానంగా పడే వరకు వేగం పెంచకు. శబ్దంలో మాత్రం రాగం కాస్త గట్టిగా, జి మెత్తగా ఉండాలి.

మధ్యలో ఢామ్మని వచ్చే పెద్ద కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) ఉన్నాయే, వాటిని మొత్తం పట్టాలని చూడకు. గిటార్ లావు ఇ తీగ 82 హెర్ట్జ్ అయితే నీ ఇ తీగ 41, అంత కింద దగ్గర దగ్గర స్వరాలు కలిపి కొడితే బురదే. రెండే స్వరాలు చాలు: ఇ తీగ 8వ ఫ్రెట్‌లో సి, జి తీగ 8వ ఫ్రెట్‌లోనే ఇ ఫ్లాట్. ఒకే ఫ్రెట్, మధ్య రెండు తీగల్నీ ఆపి పట్టు, నిండైన సి మైనర్ వినిపిస్తుంది. మేజర్ కావాలంటే జి తీగ మీద ఒక ఫ్రెట్ పైకి జరిగితే సరి.

ఎడమ చేతికి, మొదటి ఐదు ఫ్రెట్ల లోపు నాలుగు వేళ్లూ నాలుగు ఫ్రెట్లకు చాపకు. చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో మూడు ఫ్రెట్లే, ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడు. నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపెయ్, ఓర్చుకుని వాయించకు.

నీ ఫ్రెండ్స్ మాటంటావా, 1976లో అమెరికన్ బాసిస్ట్ జాకో పాస్టోరియస్ తన మొదటి ఆల్బమ్‌ని శాక్సోఫోన్ వాళ్లు వాయించే బీబాప్ (వేగంగా సాగే జాజ్) ట్యూన్‌తోనే మొదలుపెట్టాడు, బాస్ మీద, పక్కన కాంగా డ్రమ్స్ మాత్రమే. ఒక్కసారి వాళ్లకి వినిపించు.

నేర్చుకునేటప్పుడు మొదటి పేజీ నుంచి కాకుండా నడుమ నెమ్మదిగా, పాడినట్టు వచ్చే భాగంతో మొదలుపెట్టు, బాస్ గొంతుకి అది బాగా నప్పుతుంది. ఇంకొకటి, నీ తీగలు 45-105 సెట్ (ఆ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అయితే కాస్త సన్నని 40-95 వేసి చూడు, వేళ్లకి తేడా తెలుస్తుంది. సెట్ మార్చాక నెక్ కాస్త సర్దాల్సి రావచ్చు, నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని నువ్వు తిప్పకుండా తెలిసినవాళ్ల దగ్గర చేయించుకో.