‘అమ్మా, నేను మొద్దునా?’

ప్రశ్న: మా బాబుకి 8 ఏళ్లు, మూడో క్లాసు. చదవడంలో బాగా వెనకబడుతుంటే పరీక్షలు చేయించాం. డిస్లెక్సియా అన్నారు. ఆరు నెలలుగా వారానికి మూడు రోజులు వాణ్ణి క్లాసులోంచి పిలిచి స్పెషల్ ఎడ్యుకేటర్ విడిగా చెబుతున్నారు. వాడికి ఆ పేరేదీ చెప్పలేదు. ‘నువ్వు స్పెషల్, అందుకే ఈ క్లాసు’ అన్నాం. ఈమధ్య తోటి పిల్లలు దాన్ని ‘మొద్దుల గది’ అన్నారట. రాత్రి పడుకోబోతూ ‘అమ్మా, నేను మొద్దునా?’ అని అడిగాడు. ‘ఛ, నువ్వు చాలా తెలివైనవాడివి’ అన్నాను. ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ క్లాసున్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఒకటో క్లాసు చదివే చెల్లెలు వాడికన్నా గబగబా చదివేస్తోంది. మావారేమో ‘మాన్పించేద్దాం, పెద్దయితే అదే వస్తుంది’ అంటున్నారు. నాకేం తోచడం లేదు.

జవాబు: వాడు గోడవైపు తిరిగాడని రాశారే, మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. మీరు కసరలేదు, ముద్దుగానే మాట్లాడారు. అయినా అటు తిరిగాడు. అందరూ చదివేస్తున్నారు, నాకు రావడం లేదు, నన్నొక్కణ్ణే వేరే గదికి పంపుతున్నారు, ఎందుకని? వాడు తెలుసుకోవాలనుకున్నది అది. మీ మెప్పులో దానికి జవాబు లేదు. పైగా ఇంకో ముడి పడింది. తెలివైనవాణ్ణయితే మరి నాకెందుకు రావడం లేదు?

‘స్పెషల్’ అన్నమాటా అంతే. ఎవరు ఏ పేజీలో ఉన్నారో, ఎవరు ఎక్కడ తడబడతారో 8 ఏళ్ల పిల్లలకు ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. డిస్లెక్సియా అంటే బెదిరిపోతాడని మీరు ఆ మాట దాచారు. మనం పేరు చెప్పకపోతే పిల్లలు తామే ఓ పేరు వెతుక్కుంటారు. మీ వాడికి దొరికిన పేరు ‘మొద్దు’. ఎవరైనా ఆ క్లాసు సంగతి ఎత్తగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మనం మాట మార్చేస్తాం చూడండి, అది కూడా వాడు గమనిస్తూనే ఉంటాడు.

కాబట్టి పేరు చెప్పండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని పెద్ద ప్రకటనలా వద్దు. ఇద్దరూ ఏదో పనిలో ఉన్నప్పుడో, మళ్లీ ఆ పడుకునే వేళకో చాలు. ముందు మీ తప్పు ఒప్పుకుని మొదలుపెట్టండి: ‘నాన్నా, మొన్న నువ్వడిగినప్పుడు నేను సరిగ్గా చెప్పలేదు. నువ్వు మొద్దువి కాదు. నీకు చదవడం కష్టంగా ఉంది, అది నిజమే. దానికో పేరుంది, డిస్లెక్సియా అంటారు. అది చాలామందికి ఉంటుంది. అలాంటివాళ్లకు చదవడం వేరే పద్ధతిలో, ఎక్కువసార్లు నేర్పాలి. ఆ టీచరుకి ఆ పద్ధతి తెలుసు.’ ఇంతే. మిగతాది వాడు అడిగినప్పుడు. ఒక్కరాత్రిలో తేల్చెయ్యాలని చూడకండి.

ఎందుకిలా అని అడిగితే మీ దగ్గర మాట ఉండాలి. మాట్లాడటం పిల్లలకు చుట్టూ వింటూనే వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మనిషి రాయడం మొదలుపెట్టి ఐదు వేల ఏళ్లు దాటిందంతే, మాట దానికన్నా ఎంతో పాతది. చదవడం కోసమని మెదడులో పుట్టుకతో ఏర్పడ్డ చోటంటూ లేదు. చూపుకీ మాటకీ ఉన్న భాగాల్ని కలుపుతూ ప్రతి బిడ్డా కొత్తగా దారి వేసుకోవాలి. మాటలోని శబ్దాల్ని విడదీసి పట్టుకుని అక్షరాలకు జతచేసే చోట డిస్లెక్సియా ఉన్న పిల్లలు చిక్కుకుంటారు. తెలివి తక్కువై కాదు.

ఇది మనం ఇవాళ ఓదార్పుకి కనిపెట్టిన మాట కూడా కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు వైద్యుడు 14 ఏళ్ల కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు చేస్తాడు, చదవడం మాత్రం ఎంత నేర్పినా రాలేదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో అందరికన్నా చురుకైనవాడు వీడే అయ్యేవాడని వాళ్ల మాస్టారు అన్నారట. మీ వాడికి ఈ కుర్రాడి కథ చెప్పండి. డిస్లెక్సియా ఉన్న శాస్త్రవేత్తలంటూ తిరిగే జాబితాలు నాకు నచ్చవు. చనిపోయినవాళ్ల గురించి చాలావరకు ఊహలే. పైగా ‘అంత గొప్పవాణ్ణయితేనే నేను సరిపోతానా’ అనిపిస్తుంది పిల్లలకు. ‘ఈ క్లాసు కళ్లజోడు లాంటిది’ అని చెప్పే పోలికా అంతే. జోడు పెట్టుకోగానే కనిపిస్తుంది, ఈ క్లాసుకి వెళ్లిన మర్నాడే చదవడం రాదు. దానికన్నా బూటు లేసు కట్టుకోవడమో సైకిలో, వాడు కిందామీదా పడి నేర్చుకున్నది ఏదైనా గుర్తుచేయండి.

మెప్పు మానేయమనడం లేదు. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, ‘తెలివైనవాళ్లు’ అనిపించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిళ్ల దగ్గర ఓడిపోగానే డీలా పడ్డారు. బాగా శ్రమపడ్డారని మెచ్చుకున్నవాళ్లు వదలకుండా ప్రయత్నించారు. కానీ మీ వాడు ఇప్పటికే మిగతావాళ్లకన్నా ఎక్కువ శ్రమపడుతున్నాడు. ‘ఇంకా కష్టపడు’ అన్నా వాడికి దెబ్బే. మీరు కళ్లారా చూసింది చెప్పండి: ‘ఆ మాట దగ్గర ఆగి, వెనక్కొచ్చి మళ్లీ చదివావు.’

బడిలో రెండు విషయాలు కనుక్కోండి. వాణ్ణి ఎలా పిలుస్తున్నారు? గుమ్మంలో నిలబడి పేరు పెట్టి కేకేస్తే ‘మొద్దుల గది’ తయారైపోతుంది. ఏ పీరియడ్ పోతోంది? ఆటలో బొమ్మలో పోతుంటే ఏ పిల్లాడైనా కడుపు పట్టుకుంటాడు. రెండూ మార్చుకోదగ్గవే. ఎగతాళి సంగతి టీచరే చూడాలి, దాన్ని వాడి మీద వదలకూడదు. అయితే వాడి నోట్లో ఓ మాట సిద్ధంగా ఉండాలి: ‘నేను వేరే పద్ధతిలో చదవడం నేర్చుకుంటున్నా.’ మాట వాడే ఎంచుకోవాలి. ఎవరికీ చెప్పనంటే అదీ వాడిష్టం.

కడుపునొప్పి నటన అనుకోకండి. భయం కడుపులోనూ తేలుతుంది. ఒకసారి డాక్టరుకు చూపించండి, సెలవు రోజుల్లోనూ వస్తున్నా, రాత్రి నొప్పితో లేస్తున్నా, బరువు తగ్గుతున్నా మరీ తప్పకుండా. ఏమీ లేదంటే మెల్లగా నచ్చజెప్పి బడికి పంపండి, ఇంట్లో ఉంచిన కొద్దీ మర్నాడు ఇంకా బరువవుతుంది. ‘నేను ఉండకపోతేనే మంచిది’ లాంటి మాట ఎప్పుడైనా వింటే మాత్రం ఆగకుండా పిల్లల సైకాలజిస్టును కలవండి.

చెల్లెలి చేత వాడి ఎదుట చదివించి మురిసిపోకండి. ఆ పిల్ల మురిపెం వేరేవేళ తీర్చండి.

ఇక మీవారు. పెద్దయితే అదే వస్తుందనేది డిస్లెక్సియా విషయంలో నిజం కాదు. సాయం ఎంత తొందరగా అందితే అంత మేలు. కానీ ఆయనతో వాదనకు ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి: ‘మీకు చిన్నప్పుడు చదవడం ఎలా ఉండేది?’ డిస్లెక్సియా కుటుంబాల్లో నడిచేదే, ఆయనకూ ఉండి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ‘మాన్పించేద్దాం’ అన్నమాట వెనక తను పడ్డ అవమానం దాచుకున్న నాన్నల్ని నేను చూశాను. అదే అయితే ఆ కథ ఆయన నోటితో వాడు వినాలి, నా ఇంగ్లండు కుర్రాడి కథ అక్కర్లేదు. అలాంటిదేమీ లేదంటే ఒత్తిడి చేయకండి. ఓ రోజు టీచరునీ బాబునీ అడిగి, ఆ క్లాసులో ఓ మూల కూర్చుని చూడమనండి.