లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ళ మేతలో పసుపు, వెల్లుల్లి కలిపే ముందు

చిరంజీవి అబ్బాయికి, అనపర్తి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

గుడ్లు తగ్గాయని, ఎవరో అంటగట్టిన మూలికల సీసా నీళ్ళలో కలుపుతున్నానని ఫోన్‌లో చెప్పావు. లోపల ఏముందో సీసా మీద రాసి లేకపోతే ముందు దాన్ని ఆపెయ్. పసుపు, వెల్లుల్లి పనికిరావని నేననను. కానీ కోడి రోజుకు 110 గ్రాముల దాకా తినాలి, ఆ మేతలో ప్రొటీన్ 16, 17 శాతమన్నా ఉండాలి, పగలూ లైటూ కలిపి 16 గంటల వెలుతురు అందాలి. ఇవి లేకుండా పసుపు చల్లడం ఉడకని పప్పుకి తాలింపు పెట్టడమే.

నువ్వు చెప్పినదాంట్లో నన్ను ఆలోచింపజేసింది తోలుగుడ్ల సంగతి, అదే గట్టి పెంకు లేకుండా మెత్తగా వచ్చే గుడ్లు. ఒక్కో పెంకుకి సుమారు రెండు గ్రాముల కాల్షియం పడుతుంది. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట. నువ్వు వేసే సున్నపురాయి పొడి తొందరగా కరిగిపోతుంది కాబట్టి, తీరా అవసరమైన వేళకి కడుపులో ఏమీ మిగలదు. పెసరగింజంత ముక్కలుండే ఆలిచిప్పల గ్రిట్ తెచ్చి, సాయంత్రం మేత మీద కోడికి మూడు నాలుగు గ్రాముల చొప్పున చల్లు. అది కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. ఆ మేరకు మేతలో పొడి తగ్గించు. సున్నం ఎక్కువైతే కోళ్ళు మేతే తగ్గించేస్తాయి.

పైగా ఇది రోహిణి కార్తె. నోరు తెరిచి రొప్పే కోడికి రక్తంలో బైకార్బొనేట్ తగ్గిపోతుంది, దాంతో పెంకు పలచబడుతుంది. టన్ను మేతకి రెండు కిలోల తినేసోడా కలిపి, ఉప్పు కాస్త తగ్గించు. మేత తెల్లవారుజామున, మళ్ళీ సాయంత్రం వెయ్యి. మిట్టమధ్యాహ్నం పైపులో నీళ్ళు చేత్తో పట్టుకుని చూడు, నీకు వెచ్చగా తగిలితే కోడి ఆ నీళ్ళు సరిగా తాగదు. ట్యాంకు మీద తడి గోనెలు కప్పించు.

ఇప్పుడు నీ మూలికలు. పసుపు క్వింటాలు మేతకి అరకిలో చాలు. రంగు కలిపిన పొడి కొనకు, దుగ్గిరాల కొమ్ములు తెచ్చి మరపట్టించుకో. పసుపు కలిపాం కదా అని బూజుపట్టిన మొక్కజొన్న మాత్రం వాడొద్దు, ఆ విషాన్ని ఏ పసుపూ విరిచెయ్యలేదు. ఎండబెట్టిన వెల్లుల్లి పొడి కూడా అరకిలోతో మొదలుపెట్టు. నీడలో ఆరబెట్టిన మునగాకు పొడి మూడు కిలోల దాకా వెయ్యొచ్చు, పచ్చసొనకి మంచి రంగొస్తుంది. గుమ్మం దగ్గరికొచ్చి కొనేవాళ్ళకి కావలసింది అదే! వేపాకు నాకు ఇష్టం లేదు. చేదుకి మేత తినడం తగ్గితే ఆ నష్టం మనదే.

అన్నీ ఒకేసారి వెయ్యకు. సగం కోళ్ళకి ఒక్క పసుపు వేసి, మిగతా సగానికి మామూలు మేత పెట్టి, నెల రోజులు గుడ్లు, మేత విడివిడిగా రాసుకో. గుడ్డుకి ఎంత మేత ఖర్చయిందో తేలాకే రెండోదాని జోలికి వెళ్ళు.

ఒక్కసారిగా గుడ్లు పడిపోయినా, ముక్కులు కారినా ఇవేవీ పనిచెయ్యవు, వెంటనే పశువుల డాక్టర్ని పిలిపించు. షాపులో ఎవరైనా కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మందు చేతిలో పెడితే తీసుకోకు. కోళ్ళకి, పశువులకి అది వాడకూడదని కేంద్రం 2019లోనే నిషేధించింది.

గ్రిట్ నీకు అక్కడ దొరక్కపోతే చెప్పు, ఇక్కణ్ణుంచి రెండు బస్తాలు లారీకి వేయిస్తాను.

మీ పెదనాన్న